రంగు వీడిన నీరెల్ల మంచినీరు కాదు

వస్త్రము యొక్క వన్నెను చూచి మనము మెచ్చుకొందుము గాని, ఆ వస్త్రమునకు పట్టక మిగిలిన రంగు ఏ కాలువ పాలైనదో విచారింపము. రంగుతొట్టిలో వేసిన ద్రవ్యమంతయు నూలునకు పట్టుననుకొనుట పొరపాటు. నేడు నూలుబట్టల అద్దకమున విరివిగా వాడబడుచున్న రియాక్టివ్ రంగులలో కొంతభాగము దారముతో కలియుటకు ముందే నీటితో కలిసి నిర్వీర్యమగును. అట్టి రంగు ఇక నే దారమునకును పట్టక, బట్టలు జాడించిన నీటితో వెలుపలికి పోవును. లీటరు నీటిలో ఒక్క మిల్లీగ్రాము రంగున్నను కంటికి తెలియును. అందుచేతనే అద్దకపు పట్టణములకు దిగువనున్న పల్లెలవారు, పైన నేడు ఏ రంగు బట్ట తయారగుచున్నదో కాలువను చూచి చెప్పగలుగుచున్నారు.

ఈ రంగునీటిని తేర్చుటకు వడ్ల ఊక, కొబ్బరి పొట్టు, చెఱకు పిప్పి, వేరుసెనగ కాయల పైపొట్టు, రంపపు పొట్టు, వేపాకు పొడి, రొయ్య పెంకులు మున్నగు చవుక పదార్థములు చాలునని శాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దములుగా వ్రాయుచున్నారు. మన దేశపు విశ్వవిద్యాలయములందు ఈ విషయమై జరిగిన పరిశోధనలకు లెక్క లేదు. కళ్లమునను మిల్లునను మిగిలిన చెత్త కాలువను శుద్ధిచేయునన్న మాట ఎవరికి ప్రియము కాదు? కాని ప్రియమైన మాటను రెండుమాఱులు పరీక్షించుట పత్రికల విధి. మా పాఠకులలో పెక్కురు భూమి గలవారు. ఊక వారిదే, కాలువ నీరును వారిదే. పట్టణవాసులైన పాఠకులలో కొందఱు అద్దకపు వ్యాపారమున నున్నవారు. తక్కిన వారందఱును ఆ బట్ట కట్టువారే. కావున ఈ విషయమున ఎంత సత్యము గలదో, ఎచట హద్దు గలదో తెలిసికొనుట అందఱకును అవసరము.

ముందుగా ఈ యుపద్రవము ఎట్లు పుట్టినదో చూతము. 1856 సంవత్సరమున లండను నగరమున విలియం హెన్రీ పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి, తారునుండి వచ్చు ద్రవ్యముతో కొయినా తయారు చేయబోయి ఊదారంగును కనుగొనెను. 1858లో పీటర్ గ్రీస్ అను రసాయనజ్ఞుడు కనిపెట్టిన చర్యనుండి ఆజో రంగులను కుటుంబము పుట్టినది. నేడు లోకమున వాడబడు రంగులలో సగమునకు పైగా ఈ కుటుంబమునకు చెందినవే. 1897లో జర్మనీయందలి బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమమైన నీలిమందును విక్రయింప మొదలిడగా, మన దేశపు నీలి వ్యాపారము కొలది యేండ్లలో కూలిపోయినది.

నీలితోటలు మన రైతునకు సుఖమిచ్చినవని మేము చెప్పుటలేదు. 1917లో చంపారణ్యమునకు గాంధీమహాత్ముడు ఎందుకు పోవలసివచ్చెనో ఎల్లరకు తెలిసినదే. పూర్వపు అద్దకము సర్వథా నిర్దోషమనియు మేము చెప్పము. మచిలీపట్టణపు కలంకారీ పనివారు చిరివేరు, నీలి, కరక్కాయ, పటిక మొదలగు వానితో రంగులు వేసి, ఆ బట్టలను పాఱునీటిలోనే జాడించెడివారు. కాని నాటికిని నేటికిని రెండు భేదములు గలవు. నాటి పని స్వల్పము. నాటి రంగులు చాలవఱకు చెట్లనుండి వచ్చినవి గనుక నేలలోని సూక్ష్మజీవులు వానిని క్రమముగా జీర్ణము చేసికొనెడివి. నేటి రంగులు ఎండకు, సబ్బునకు, చెమటకు చెక్కుచెదరకుండునట్లు చేయబడినవి. బట్టపై ఏ గుణమును కోరి మనము కొనుచున్నామో, నీటిలో ఆ గుణమే శాపమగుచున్నది. మామూలు మురుగునీటిని శుద్ధిచేయు సూక్ష్మజీవుల తొట్లు ఈ రంగులను చాలవఱకు కదల్పలేవు.

ఇక విఱుగుడు మాట. బొగ్గు ద్రవముల రంగును తీసివేయునని 1785లో రష్యాయందు తోబియాస్ లోవిట్జ్ గమనించెను. నీటిలోని ద్రవ్యము ఒక ఘనపదార్థము యొక్క పైతలమును పట్టుకొని నిలుచుటకు అధిశోషణమని పేరు. ఇది గుడ్డ నీటిని పీల్చుట వంటిది కాదు. గోడకు సున్నము పట్టుట వంటిది. గోడ యెంత పెద్దదైన అంత సున్నము పట్టును. అట్లే తలము ఎంత విశాలమైన అంత రంగు పట్టును. కొబ్బరిచిప్పలను కాల్చి, ఆవిరితో సంస్కరించి చేయు ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాములో సుమారు వేయి చదరపు మీటర్ల తలముండుట గలదు. మా పాఠకుల లెక్కలో చెప్పవలెనన్న, చిటికెడు బొగ్గులో పాతిక సెంట్ల నేల యిమిడియున్నదన్నమాట. అందుచేతనే దాని వెలయు హెచ్చు. ఒకమాఱు రంగు నిండిన పిమ్మట దానిని మరల పనికివచ్చునట్లు చేయుటకు గొప్ప కొలిమి కావలెను. చిన్న అద్దకపువాడు దానికి తూగలేడు. ఊకను, పొట్టును గూర్చిన వెదకులాట ఇచటనుండి బయలుదేరినది.

పచ్చి ఊకలో బొగ్గునకున్నంత తలము లేదు. కాని ఊక, పిప్పి, పీచు మున్నగు వానియందు సెల్యులోజు, లిగ్నిను అను ద్రవ్యములు గలవు. వాని పైని రంగు అణువులను పట్టుకొనగల రసాయన స్థానములు గలవు. మామూలు నీటిలో ఈ స్థానములు ఋణవిద్యుత్తును వహించియుండును. మిథిలీన్ బ్లూ వంటి కొన్ని రంగులు ధనవిద్యుత్తు గలవి. విరుద్ధములు రెండును ఆకర్షించుకొనును గనుక ఊక ఆ రంగును చక్కగా పట్టుకొనును. పరిశోధనాలయములందు ఇట్టి పరీక్షలకు తఱచుగా ఎన్నుకొనబడు రంగు ఈ మిథిలీన్ బ్లూయే. దానిని శుద్ధజలములో కలిపి, ఊక వేసి, గిలకొట్టి చూచినయెడల నీరు తేరును, వ్యాసము సిద్ధమగును.

కాని నూలుబట్టల అద్దకమున వాడబడునది మిథిలీన్ బ్లూ కాదు. అచట వాడబడు రియాక్టివ్ రంగులు ఋణవిద్యుత్తు గలవి. ఊకయు ఋణము, రంగును ఋణము, ఒండొంటిని త్రోసికొనును. పరిశోధనాలయమున జయించిన ఊక అద్దకపు శాలలో ఓడిపోవుటకు ముఖ్యకారణమిదియే. దీనికి ఉపాయములు లేకపోలేదు. ఊకను కొన్ని రసాయనములతో సంస్కరించి దాని విద్యుత్తును మార్పవచ్చును; కాని అప్పుడది చవుక కాదు. రొయ్య పెంకులనుండి తీయు కైటొసాను అను ద్రవ్యమునందు ఆమ్లపు నీటిలో ధనవిద్యుత్తు వహించు స్థానములు సహజముగానే యున్నవి; అది రియాక్టివ్ రంగులను గొప్పగా పట్టును. రొయ్యల సాగులో దేశమున అగ్రస్థానమున నున్న ఆంధ్రతీరమున పెంకులకు కొఱతలేదు. అయినను పెంకులనుండి కైటొసాను తీయుటకు ఆమ్లమును క్షారమును విస్తారముగా కావలెను. ఆ పనినుండియు మురుగు పుట్టును. అదిగాక రియాక్టివ్ రంగుల తొట్టినుండి వచ్చు నీరు క్షారగుణము గలది గనుక, దానిని ముందుగా ఆమ్లముతో సరిచేయవలెను. ఒక మురుగును కడుగుటకు మఱియొక మురుగును పుట్టించుచున్నామా యని ప్రతి చోటను లెక్క చూచుకొనవలసియున్నది.

లెక్కయన్న మాట వచ్చినది గనుక చిన్న లెక్క యొకటి చేసి చూపెదము. లీటరునకు 100 మిల్లీగ్రాముల రంగు గల 10,000 లీటర్ల నీటిలో ఒక కిలోగ్రాము రంగుండును. మిథిలీన్ బ్లూ వంటి అనుకూలమైన రంగుతో జరిగిన పరీక్షలయందు వడ్ల ఊక గ్రామునకు సుమారు 40 మిల్లీగ్రాములు పట్టినట్లు తేలినది. ఆ లెక్కన ఒక కిలో రంగునకు 25 కిలోల ఊక చాలవలెను. కాని అది ఊక యొక్క పూర్తి శక్తి. నీరు తేరుకొనుచున్న కొలదియు ఊక పట్టు సన్నగిల్లును గనుక, ఇంచుమించు రెట్టింపు, అనగా 50 కిలోలు కావలెననుకొందము. దినమునకు ఐదు లక్షల లీటర్ల నీరు విడుచు అద్దకపు శాలకు ఈ లెక్కన 2,500 కిలోల ఊక కావలెను. ఉదయమున అంత ఊక లోనికి రావలెను. సాయంకాలమున అంత ఊకయు తడిసి, రంగుతో బరువెక్కి బయటికి పోవలెను. ఎచటికి పోవలెను? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము లేని పథకము సగము పథకమే.

ఆ ప్రశ్నకు తరువాత వత్తుము. అంతకు ముందు తమిళనాడునందలి నొయ్యల్ నది కథను మా పాఠకులు వినవలెను. ఈ నది పడమటి కనుమలలో వెల్లియంగిరి కొండలయందు పుట్టి, కోయంబత్తూరు, తిరుప్పూరు పట్టణముల మీదుగా పాఱి కావేరిలో కలియును. తిరుప్పూరు బనియన్ల పరిశ్రమకు ప్రసిద్ధికెక్కినది. దానితోపాటు అద్దకపు శాలలును, బట్టలను తెల్లబఱచు శాలలును నూర్లకొలదిగా వెలసినవి. దిగువను ఒరత్తుపాళయము వద్ద సుమారు 10,000 ఎకరముల సాగునకై కట్టిన ఆనకట్ట 1992లో వాడుకకు వచ్చినది. పైరునకు నీరు నిలువచేయవలసిన ఆ జలాశయము కొలది యేండ్లలోనే అద్దకపు మురుగునకు మడుగైనది. అంతట ఆయకట్టు రైతులే సంఘముగా నేర్పడి, ఆ మురుగును ఆపింపుడని మద్రాసు ఉన్నత న్యాయస్థానము నాశ్రయించిరి. 2006లో న్యాయస్థానము వారి పక్షమున ఉత్తర్వు చేసినది. 2009లో సుప్రీముకోర్టు వారును రైతుల మాటను నిలబెట్టిరి. అయినను మురుగు ఆగకపోవుటచే, 2011 జనవరిలో ఉన్నత న్యాయస్థానము తిరుప్పూరు అద్దకపు శాలలనన్నిటిని మూయింపుడని ఆజ్ఞాపించినది. వందలకొలది శాలలు మూతపడినవి. వేలకొలది పనివారికి పని తప్పినది. పిమ్మట మురుగును బొట్టైనను వెలుపలికి విడువని యంత్రములు గల శాలలకు మాత్రమే మరల అనుమతి వచ్చినది.

ఇందు మేము ముఖ్యముగా చూపదలచినది యేమన, నొయ్యల్ రైతుల పొలములను చెఱచినది రంగు మాత్రమే కాదు; అంతకు మించి ఉప్పు. రియాక్టివ్ రంగు నూలునకు పట్టుటకు తొట్టిలో ఉప్పు వేయవలెను. ముదురు వన్నెలకు లీటరునకు 40 మొదలు 80 గ్రాముల వఱకు వేయుదురు. సముద్రపు నీటిలో నుండునది లీటరునకు సుమారు 35 గ్రాములే. ఇంత ఉప్పును నూలు ఏమాత్రమును తీసికొనదు. అంతయు నీటితో బయటికి పోవలసినదే. కడుగునీళ్లతో కలిసి పలుచనైన పిమ్మటను అది లీటరునకు వేలకొలది మిల్లీగ్రాములుగా నిలిచియుండును. వెలుపలికి విడువదగిన నీటిలో కరగియున్న పదార్థములు మొత్తము మీద లీటరునకు 2,100 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు నిబంధన.

ఊక గాని, పొట్టు గాని, కడకు ఉత్తేజిత బొగ్గు గాని ఈ యుప్పును పట్టవు. సందేహము గలవారు ఇంటనే పరీక్షింపవచ్చును. గిన్నెడు మంచినీటిలో చెంచాడు ఉప్పు కలిపి, కడిగిన బొగ్గు పొడినుండి వడగట్టి రుచి చూడుడు. నీరు తేటగానే వచ్చును, ఉప్పదనము తగ్గదు.

మా భయమంతయు ఇచటనే యున్నది. కాలువలో ఎఱ్ఱనీరు కనబడిన రైతు తూము మూయును. తేటనీరు వచ్చిన తెఱచును. రంగును మాత్రము తీసి ఉప్పును విడిచిన నీరు, రంగునీటికంటె నిజముగా మేలైనదే కావచ్చును; కాని రైతును హెచ్చరించు గురుతు దానికి లేదు. నేల చవుడు తేలిన పిమ్మట గాని మోసము తెలియదు. చవుడు తేలిన నేలను మరల బాగుచేయుట ఎన్ని యేండ్ల పనియో చవుడు నేలలు గలవారి నడుగవలెను. అందుచే రంగు తీసితిమి, నీరు శుద్ధమైనదని ఎవరైన చెప్పినపుడు, ఉప్పు మాట యేమని తక్షణము అడుగవలెను.

ఇక రంగు నిండిన ఊక సంగతి. అధిశోషణము రంగును నాశము చేయదు; ఒకచోటినుండి మఱియొక చోటికి మార్చును. ఇందు ఒక మేలు గలదు. గాలిలేని మురుగుగుంటలలో కొన్ని సూక్ష్మజీవులు ఆజో రంగులను తునుకలు చేయును. అపుడు రంగు మాయమగును గాని, మిగిలిన తునుకలు కొన్ని రంగులకంటె ప్రమాదకరములైన అమీనులగును. ఇట్టి అమీనులలో కొన్ని పుట్టకురుపు కారకములగుటచే, వానిని విడువగల ఆజో రంగులను 1994లో జర్మనీ నిషేధించినది. 1997లో మన ప్రభుత్వమును అట్టివానిని పెక్కింటిని నిషేధించినది. ఊక రంగును విఱుగగొట్టక పదిలముగా పట్టియుంచును గనుక ఆ యపాయము అప్పటికి తప్పును. కాని అదే ఊకను పొలము గట్టున గుట్టపోసినను, చెఱువు గర్భమున పాఱవైచినను, వాన తడిసి, గాలి యాడక, తప్పిన యపాయమే మరల వచ్చును. ఎరువు మాట చెప్పి ఎవరైన ఈ యూకను ఇచ్చినను రైతు పుచ్చుకొనరాదు. బట్టీలలో గట్టిమంటపై కాల్చుట కొంత మేలు. అప్పుడును కొన్ని రంగులయందుండు రాగి, క్రోమియము మున్నగు లోహములు బూడిదలో మిగులును గనుక, ఆ బూడిదకును లెక్క చెప్పువాడుండవలెను.

ఊక ఉచితమన్న మాటయు నేడు పూర్తిగా నిజము కాదు. ఒకప్పుడు మిల్లుల వెనుక గుట్టలుగా పడియుండిన ఊక నేడు బాయిలర్లకు వంటచెఱకై అమ్ముడుపోవుచున్నది. తేలికయు, స్థలము హెచ్చుగా నాక్రమించునదియు నగుటచే బండికూలి దాని వెలకు మించును. కావున ఏ పదార్థము చవుకయో ఊరినిబట్టి యుండును. కొబ్బరితోటల సీమలో పొట్టు చవుక. చెఱకు సీమలో పిప్పి చవుక. వేరుసెనగ పండు మెట్ట సీమలో దాని పైపొట్టు చవుక. ఒక చోట పనికివచ్చినదానిని దేశమంతటికి విధించుట తగదు.

ఇన్ని లోపములు చెప్పితిమి గదా యని ఈ మార్గమును విడువుమని మా యభిప్రాయము కాదు. పెద్ద పరిశ్రమలకు పెద్ద యంత్రములు కలవు; చట్టమును కలదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టమును వారిపై గట్టిగా నమలు జరుపవలెను. ఊకకు, పొట్టుకు నిజమైన స్థానము చిన్న అద్దకపు శాలలయందున్నది. చీరాల, మంగళగిరి, పోచంపల్లి, ధర్మవరము వంటి చేనేత పట్టణములలో నూలునకును పట్టునకును రంగులద్దు చిన్న కుటుంబములు గలవు. దినమునకు కొన్ని వందల లీటర్ల నీరు విడుచు ఇంటికి కోట్ల రూపాయల యంత్రమును కొనుమని చెప్పుట పరిహాసము. కాలువలో కలుపుకొమ్మని ఊరకుండుట ద్రోహము. నడిమి మార్గము వారికి కావలెను.

ఆ మార్గమునకు మేము సూచించునవి కొలది మాత్రమే. మొదటిది, ఉప్పుతో నిండిన తొలి తొట్టినీటిని, తరువాత జాడించిన నీటిని వేఱువేఱుగా పట్టవలెను. తొలినీరు స్వల్పము, దానిని నేలలోనికి ఇంకకుండ అడుగు కట్టిన మడులలో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును జాగ్రత్తపఱచవలెను. జాడించిన నీరు హెచ్చు, ఉప్పు తక్కువ. పొట్టు గాని, పొట్టునుండి కాల్చిన బొగ్గు గాని నింపిన తొట్లకు ఈ నీరే తగినది. రెండవది, ఏ తొట్టియైనను అచటి అద్దకపు నీటితోనే పరీక్షింపబడవలెను. శుద్ధజలములో మిథిలీన్ బ్లూ కలిపి చూచిన పరీక్ష చాలదు. వేయి లీటర్లకు ఎన్ని కిలోలు పట్టినది, ఎంత ఖర్చయినది, వాడిన పొట్టు ఎచటికి పోయినదను మూడు సంగతులు లేని నివేదికను నివేదికగా నెంచరాదు. మూడవది, వాడిన పొట్టును ఇంటింటివారి తలపై నుంచక, సహకార సంఘములు తూచి పుచ్చుకొని తగిన చోటికి చేర్చవలెను. నాల్గవది, దిగువ ఆయకట్టు రైతుల సంఘములు నీటి ఉప్పును కొలుచు చిన్న పనిముట్టును తామే కొని, వారమున కొకమాఱైన తూము వద్ద కొలిచి వ్రాసియుంచవలెను. అది చేతిలో పట్టునంతటిది. దాని వెల ఒక యెకరమునకు వేయు ఎరువు వెలకు మించదు. కోర్టుకెక్కవలసిన దినము వచ్చినపుడు ఆ పుస్తకమే సాక్షి యగును. అన్నిటికంటె మేలైనది, తక్కువ ఉప్పుతో తక్కువ నీటితో పట్టు రంగులను వాడి, మురుగును పుట్టకుండనే తగ్గించుట.

మన పల్లెలలో బురదనీటి కుండ లోపల చిల్లగింజను అరగదీసి నీటిని తేర్చుట తరతరములనుండి యున్న యాచారము. ఆ గింజ మట్టిని అడుగునకు దించును. నీటిలో కరగిన ఉప్పును దింపజాలదు. దాని శక్తిని, దాని హద్దును మన తల్లులు చక్కగా నెఱుగుదురు. చిల్లగింజ పేరు చెప్పినంతమాత్రమున నీరు తేరదనియు మన పెద్దలు చెప్పియున్నారు. ఊకయు అట్టిదే. అది పనిచేయు చోట దానిని వాడుకొందము; పనిచేయని చోట దాని పేరు చెప్పి కాలువలో ఉప్పునీటిని విడుచువారిని వారింతము. నొయ్యల్ రైతులు పొలములు చెడిన పిమ్మట న్యాయస్థానమునకు పోయిరి. మన కాలువల ఆయకట్టుదారులు చెడకముందే తూము వద్ద నిలిచి, రంగుతోపాటు ఉప్పును కొలిచి చూచుకొందురు గాక.